బ్లూమింగ్టన్ విద్యానగరము – బంతియాట జీతములు



అమెరికా యనగానే మనవారికి న్యూయార్కు మేడలును, నయాగరా జలపాతమును స్మృతికి వచ్చును. నేను చూచివచ్చిన యూరు అట్టిది కాదు. ఇండియానాపోలిస్ నగరమునకు దక్షిణముగా సుమారు 50 మైళ్ల దూరమున, చిన్న చిన్న గుట్టల నడుమ నున్న బ్లూమింగ్టన్ అను విద్యానగరమది. 2020 జనాభా లెక్కలలో ఈ యూరి జనసంఖ్య సుమారు 79 వేలు. ఇక్కడి ఇండియానా విశ్వవిద్యాలయమున చదువువారు 45 వేలకు పైబడి యుందురు. కావున ఊరిలో విద్యాలయమున్నదనుట కంటె విద్యాలయమును చుట్టుకొని ఊరున్నదనుట సత్యము.

మా ఆడుబిడ్డయు ఆమె భర్తయు చాలయేండ్లుగా అక్కడ కాపురమున్నారు. 2025 ఆశ్వయుజమాసమున మా అత్తగారిని కూతురింట దిగవిడుచుటకు నేను తోడు పోయితిని. మావారు బడిపంతులు, బడి నడచు దినములలో సెలవు దొరకదు గనుక వారు రాలేదు.

ఆ మాసమున అచ్చటి చెట్ల యందము చెప్పనలవి కాదు. మేపుల్ అను వృక్షముల ఆకులు రాలుటకు ముందు పసుపుగాను, పారాణి రంగుగాను, కుంకుమవలెను మారును. బాటలకిరుప్రక్కల ముత్తైదువలు పేరంటమునకు నిలిచినట్లుండును. ఊరి నడుమ పాత కచేరి భవనమున్నది; దాని గోపురముపై గాలి ఎటు వీచునది తెలుపుటకు లోహపు చేప యొకటి తిరుగుచుండును. సముద్రము లేని దేశమున చేప యేల యని యడిగితిని గాని, నవ్వుటయే తప్ప ఎవ్వరును సరియైన సమాధానము చెప్పలేదు. అక్కడనుండి కర్క్‌వుడ్ వీథి వెంట పోయినచో విశ్వవిద్యాలయపు రాతి ద్వారములు కనబడును.

ఆ రాయిని గురించి ఒకమాట చెప్పవలెను. బ్లూమింగ్టన్ మొదలు బెడ్‌ఫర్డ్ వరకు భూమిలో సున్నపురాతి పొర కలదు. మన బేతంచెర్ల బండలును సున్నపురాతి జాతివే గాని, ఇది వెన్నవలె మెత్తగా చెక్కుడు పడును, వర్ణము బూడిదతెలుపు. 1931 సంవత్సరమున పూర్తియైన న్యూయార్కులోని ఎంపైర్ స్టేట్ భవనమునకు తొడిగిన రాయి ఇక్కడిదే. విద్యాలయ మందిరములలో పెక్కింటిని ఈ రాతితోనే కట్టిరి. ఈ విద్యాలయము 1820లో స్థాపితమైనది. 1867లో స్త్రీలను చేర్చుకొనిరి. సారా పార్క్ మారిసన్ అను నామె 1869లో ఇచ్చట పట్టము పొందిన మొదటి స్త్రీ. అంత పూర్వము ఆడపిల్లకు తలుపు తెరచిన చోటని వినినంతనే ఆ ద్వారముల యెడ నాకు గౌరవము కలిగెను.

అయినను ఇప్పుడు ఆ యూరిలో ఎవ్వరిని పలుకరించినను పుస్తకముల మాట గాని, రాతి మాట గాని రాదు. అందరి నోట ఒక్కటే మాట: ఫుట్‌బాలు.

ఇది మన మెరిగిన కాలిబంతి కాదు. కోడిగ్రుడ్డువలె ఇరుకొనలు సన్నగిలిన బంతిని చేతులతో పట్టి పరుగిడుదురు, విసరుదురు. పక్షమునకు 11గురు. బరి పొడవు 100 గజములు. నాలుగు ప్రయత్నములలో 10 గజములు ముందునకు సాగవలెను. సాగనిచో బంతి ఎదిరివారి పాలగును. ప్రతి వరుసను నడపి బంతిని విసరువాడు క్వార్టర్‌బ్యాక్. మన పురాణ పరిభాషలో సేనాపతి యనవచ్చును. తలకు టోపి, భుజములకు కవచము ధరించి పొట్టేళ్లవలె ఢీకొందురు.

అక్టోబరు 25వ తేది శనివారమునాడు ఇండియానా వారికిని, లాస్ ఏంజెలెస్ నుండి వచ్చిన యు.సి.ఎల్.ఎ. విద్యాలయము వారికిని ఆట జరిగెను. ఆనాడు నాగులచవితి. ఆ దేశమున పుట్ట యెక్కడ దొరకును? నాగప్రతిమ యెదుట పాలును చలిమిడియు నివేదించి, మేమందరమును ఆట చూడ బయలుదేరితిమి. క్రీడామందిరము చుట్టునున్న పచ్చిక బయళ్లలో ప్రజలు తెల్లవారకమునుపే బండ్లు నిలిపి, పొయ్యిలు రాజవేసి, బల్లలు పరచి వంటలు చేసికొనుచుండిరి. తాతలు, మనుమలు, చంటిపిల్లల తల్లులు అందరును ఎఱుపు బట్టలు కట్టియుండిరి. కార్తికమాసపు వనభోజనములకు ఉసిరిచెట్టొక్కటే కొఱవడినట్లు తోచెను.

లోపల యాభైవేలకు పైబడిన జనము. మా ప్రక్కను మా ఆడుబిడ్డ పొరుగింటి ముసలమ్మగారు కూర్చుండిరి. ఆమె నలువదియేండ్లుగా ఈ యాటలకు వచ్చుచున్నదట. ఆమె చెప్పిన దానిని మా ఆడుబిడ్డ నాకు తెనిగించెను: "నా భర్త జీవించియున్న దినములలో సగమాట కాగానే లేచి ఇంటికి పోయెడివారము. ఓటమిని చివరివరకు చూడ నెవరికి ఓపిక? ఇప్పుడు కడవరకు కూర్చుండుటకు అలవాటు పడుచున్నాము."

ఆమె మాట అతిశయోక్తి కాదు. ఈ జట్టు నూరేండ్లకు మించి ఆడి, 700లకు పైబడిన ఓటములు మూటగట్టుకొన్నది. పెద్ద విద్యాలయములలో అన్నిసార్లు ఓడిన జట్టు వేరొకటి లేదని 2023 నాటికి పేరు పడినది. ఆ యేడు 12 ఆటలాడి మూడే గెలిచిరి. అట్టివారు ఈనాడు యు.సి.ఎల్.ఎ. వారిని 56–6 లెక్కతో ఓడించిరి. మా అత్తగారు మాత్రము గెలుపోటములు చూడలేదు. ఒక కుర్రవానిపై నలుగురు పడినప్పుడెల్ల ఆమె కన్నులు మూసికొని, "వీని కన్నతల్లి యెక్కడ కూర్చున్నదో గదా!" యనుచుండిరి.

రెండేండ్లలో ఇంత మార్పెట్లు కలిగెను? దీని సమాధానమే ఈనాడు అమెరికా విద్యాలయములన్నిటిని కలవరపెట్టుచున్న విషయము. ఆటగాండ్లకు జీతములు వచ్చినవి. ఆటగాండ్లకు బదిలీలు వచ్చినవి.

2023 నవంబరులో కర్ట్ సిగ్నెట్టి అను శిక్షకుని ఇండియానా వారు పిలిపించిరి. ఆయన అంతకుముందు వర్జీనియా రాష్ట్రమున హారిసన్‌బర్గ్‌లోని జేమ్స్ మాడిసన్ విశ్వవిద్యాలయమున నుండెను. ఆయన వచ్చుచు అక్కడి ఆటగాండ్లను 13 మందిని వెంటబెట్టుకొని వచ్చెను. 2025లో సేనాపతి స్థానమున నిలిచిన ఫెర్నాండో మెండోజా కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్లీ శాఖ నుండి వచ్చినవాడు. ఎదిరిపక్షపు సేనాపతియైన నికో ఇయామలేయావా యు అట్లే వలస వచ్చినవాడు. 2025 ఏప్రిలులో టెనెసీ విద్యాలయమువారితో సొమ్ము విషయమై పొత్తు కుదరక ఆయన వెడలిపోయెనని పత్రికలు వ్రాసినవి. ఆనాడు రెండు సేనలకును నాయకులు పరాయి విద్యాలయములనుండి వచ్చినవారే.

పూర్వమిట్లుండెడిది కాదు. ఆటగానికి చదువు ఖర్చు, బస, భోజనము, పుస్తకములు విద్యాలయమే ఇచ్చెడిది. అంతకు మించి కాసు పుచ్చుకొన్నను ఆట మాన్పించెడివారు. వీరు ఉద్యోగులు కారు, విద్యార్థులు. ఆట వీరికి వినోదము – అని కళాశాలల క్రీడాసంఘమైన ఎన్.సి.ఎ.ఎ. వాదించెడిది. "విద్యార్థి–క్రీడాకారుడు" అను జంటపదమును వారు 1950 ప్రాంతముల పుట్టించిరి. ఆ పదముతో ముడివడిన కథ యొకటి స్త్రీలు తెలిసికొనదగినది. 1955లో కొలరాడో రాష్ట్రమున రే డెన్నిసన్ అను యువకుడు కళాశాల ఆటలో తలకు దెబ్బ తగిలి మరణించెను. కూలి పనిలో చనిపోయినవారి కుటుంబములకిచ్చు నష్టపరిహారము తనకును ఇప్పింపుడని ఆయన భార్య వేడుకొనెను. కళాశాల ఫుట్‌బాలు వ్యాపారము చేయుట లేదని చెప్పి 1957లో ఆ రాష్ట్రపు ఉన్నత న్యాయస్థానము ఆమె కోరికను త్రోసివేసెను. వ్యాపారము కాదట! ఆమె వాకిట నిలిచి ఆ తీర్పు విన్ననాటి మనఃస్థితిని మనము ఊహించుకొనవలసినదే. ఆ సంఘమునకు చిరకాలము అధికారిగా నున్న వాల్టర్ బయర్స్, పదవి వీడిన పిమ్మట 1995లో వ్రాసిన గ్రంథమున ఈ పద్ధతిని తానే దూషించెను.

వ్యాపారము కాదన్నవారే వ్యాపారమును పెంచిరి. ఇండియానా సభ్యముగా నున్న బిగ్ టెన్ కూటమి 2022లో టెలివిజను సంస్థలతో ఏడేండ్లకు చేసికొన్న ఒప్పందము విలువ 700 కోట్ల డాలర్లకు పైబడినది. పసిఫిక్ సముద్రతీరపు లాస్ ఏంజెలెస్ విద్యాలయము 2024లో ఈ కూటమిలో చేరి, ఒక్క ఆటకై దేశమంతయు దాటి బ్లూమింగ్టన్ వచ్చుటకు హేతువును ఇదే. శిక్షకుల జీతములకు మేర లేదు. నేనా యాట చూచుటకు పదిదినములలోపుననే, అనగా 2025 అక్టోబరు నడిమిని, సిగ్నెట్టి గారికి ఏటికి సగటున 1 కోటి 16 లక్షల డాలర్ల క్రొత్త ఒప్పందమిచ్చిరి. 2023లో టెక్సస్ ఎ అండ్ ఎం విద్యాలయము వారు తమ శిక్షకుని మానిపించి, ఇంటికడ కూర్చుండుటకే ఆయనకు 7 కోట్ల 50 లక్షల డాలర్లకు పైగా చెల్లింప నొప్పుకొనిరి. శిక్షకుడు ఎప్పుడు కావలసిన నప్పుడు ఊరు మారవచ్చును. కుర్రవాడు మారినచో ఒక సంవత్సరము ఆడక కూర్చుండవలసి యుండెను. పదిమంది తినుటకు వండి, వండినవానిని మాత్రము పంక్తికి పిలువనట్లుండెను ఆ నియమము.

ఈ కట్టుబాటును న్యాయస్థానములు ఒక్కొక్కటిగా విప్పినవి. 2021 జూనులో దేశపు అత్యున్నత న్యాయస్థానమున 9 మంది న్యాయమూర్తులును ఏకగ్రీవముగా, చదువునకు సంబంధించిన లాభములను ఆటగాండ్లకు నిరోధింపరాదని తీర్పు చెప్పిరి. ఆ యేడు జూలై 1వ తేది మొదలు ఆటగాండ్లు తమ పేరును, రూపమును ప్రకటనలకిచ్చి ధనమార్జింప వచ్చుననిరి. నామరూపములు మిథ్య యని మన వేదాంతులు చెప్పుదురు. అమెరికాలో నామరూపములకే వెల కట్టిరి! ఆ వెల నెపముగా, ధనికులైన పూర్వవిద్యార్థులు సంఘములుగా చేరి ఆటగాండ్లకు సొమ్ము సమకూర్చసాగిరి.

బదిలీ సంగతియు అట్లే. 2018 అక్టోబరులో బదిలీ కోరువారి పేర్లు నమోదు చేయు జాబితా యొకటి ఏర్పడెను; దానిని ట్రాన్స్‌ఫర్ పోర్టల్ అందురు. 2021లో ఒక్కమారు మారుటకు ఆంక్ష తీసివేసిరి. 2024లో ఎన్నిమారులైనను మారవచ్చుననిరి, చదువులో మాత్రము వెనుకబడరాదు. తుదకు 2025 జూన్ 6వ తేదిన క్లాడియా విల్కెన్ అను న్యాయమూర్తి ఒక పెద్ద రాజీని ఆమోదించెను. ఆమె స్త్రీ యని సోదరీమణులు గమనింతురుగాక. దాని ప్రకారము పూర్వపు ఆటగాండ్లకు సుమారు 280 కోట్ల డాలర్లు పది యేండ్లలో చెల్లింపవలెను. అదిగాక ప్రతి విద్యాలయమును 2025–26 సంవత్సరమున 2 కోట్ల 5 లక్షల డాలర్ల వరకు తన ఆటగాండ్లకు నేరుగా పంచవచ్చును. వీరు ఉద్యోగులని మాత్రము ఆ రాజీ చెప్పలేదు. 1955 నాటి వితంతువు అడిగిన ప్రశ్నకు డెబ్బదియేండ్లు గడచినను సమాధానము మిగిలియే యున్నది.

ఇంతవరకు విన్నవారు, న్యాయము జరిగినది గదా, ఇంక చింత యేల యనవచ్చును. మా ఆడుబిడ్డ ఇంటనే ఆ చింత యున్నది. మా మేనకోడలు పదునైదేండ్లది. బడిలో ఈత పందెములకు పోవును. తెల్లవారుజామున అయిదు గంటలకే, చలిలో, తండ్రి బండిలో ఈతకొలనునకు పోవుట నేను దినదినము చూచితిని. ఈతవలన కళాశాలలో చదువు ఖర్చు దొరకునని ఆ బిడ్డ యాశ. ఒకనాటి రాత్రి నాకు అన్నము వడ్డించుచు, "అత్తయ్యా, కాలిఫోర్నియాలో ఒక కళాశాలవారు ఈత జట్లనే తీసివేసినారు. నేను పెద్దదాననగు నప్పటికి ఎన్ని మిగులునో" యనెను. ఆమె చెప్పినది నిజమే. 2025 మార్చిలో కాల్ పాలీ యను విద్యాలయమువారు మగవారి ఈతను, ఆడవారి ఈతను కూడ రద్దు చేసి, రానున్న రాజీ వలని భారమును ఒక హేతువుగా చెప్పిరి.

దీనికి కారణము మన సంసారముల నెరిగినవారికి సులభముగా బోధపడును. అమెరికా కళాశాలల ఆటలు ఒక ఉమ్మడి కుటుంబము. అందు ఫుట్‌బాలు సంపాదించు పెద్దకొడుకు. బాస్కెట్‌బాలు మరియొక సంపాదనపరుడు. ఈత, కుస్తీ, పరుగుపందెములు, పడవ పందెములు, ఆడపిల్లల ఆటలు – ఇవి యన్నియు పెక్కుచోట్ల ఆ సంపాదనపైననే బ్రతుకునవి. ఇన్నాళ్లు పెద్దకొడుకునకు చేతికి కాసీయక కుటుంబమును నడపిరి. యజమానులు మాత్రము తమకు పెద్ద మేడలు కట్టించుకొనిరి. ఇప్పుడు పెద్దకొడుకు తన భాగము తనకీయుడని కచేరి కెక్కి గెలిచెను. అతని కోరిక తప్పనగలమా? అనలేము. కాని పంపకములనాడు యజమాని తన మేడ నమ్ముకొనడు. చెల్లెలి పెండ్లికని దాచిన సొమ్మునే ముందు ముట్టును. ఇది మనకు తెలియని లోకరీతి కాదు.

ఆ 2 కోట్ల 5 లక్షలను పెక్కు పెద్ద విద్యాలయములు పంచు తీరు చూడుడు: నూటికి 75 పాళ్లు ఫుట్‌బాలునకు, 15 పాళ్లు మగవారి బాస్కెట్‌బాలునకు, 5 పాళ్లు ఆడవారి బాస్కెట్‌బాలునకు, తక్కిన 5 పాళ్లు మిగిలిన ఆటలన్నిటికి. పాతబాకీ సొమ్మును ఇంచుమించుగా ఈ వరుసనే పంచుదుమనిరి. ఆ దేశమున 1972లో చేసిన చట్టమొకటి కలదు. ప్రభుత్వ ధనము పొందు విద్యాలయములలో స్త్రీపురుష భేదము చూపరాదని అది శాసించును. దాని ముఖ్యవాక్యము 37 ఆంగ్లపదములు మాత్రమే గాని, ఆ 37 పదముల వలన లక్షలకొలది బాలికలు ఆటస్థలములకు రాగలిగిరి. ఈ పంపకము ఆ చట్టమునకు విరుద్ధమని 2025 జూనులోనే ఎనమండుగురు క్రీడాకారిణులు పై న్యాయస్థానమునకు విన్నవించుకొనిరి. సంపాదించినవానికే సొమ్మని ఒకరు. బడి యన్నది అంగడి కాదు, అందరి బిడ్డలను సమముగా చూడవలెనని వేరొకరు. రెండు వాదములందును సత్యము లేకపోలేదు. అందుచేతనే ఈ తగవు కష్టమైనది.

ఇక బదిలీల మాట. ఆట ముగిసి బయటికి వచ్చునప్పుడు పొరుగింటి ముసలమ్మగారు, "సంతోషమే గాని, ప్రతి యేడును పిల్లల పేర్లు క్రొత్తగా నేర్చుకొనవలసి వచ్చుచున్నది. పూర్వమొక కుర్రవాడు నాలుగేండ్లు మా కన్నుల యెదుట పెద్దవాడయ్యెడివాడు. వాని తల్లిదండ్రులను గూడ నెరిగెడివారము" అనిరి. ఏటేట వేలకొలది కుర్రవాండ్రు ఆ జాబితాలో పేరు వ్రాయించుకొందురు. మెండోజా వంటివారికి మేలే కలిగెను. కాని ఉన్నచోటు విడిచి, క్రొత్తచోటు దొరకక, రెంటికి చెడినవారును కలరు. ఒకచోట చదివిన పాఠములకు వేరొకచోట లెక్క రాక చదువు కుంటుపడు వారును కలరు. ఈ సంగతులన్నియు మావారికి ఫోనులో చెప్పగా, ఆయన అంకెలేవియు అడుగలేదు. "ఇన్ని యూళ్లు తిరుగు పిల్లవానికి పాఠము చెప్పు గురువు ఎవరు?" అని మాత్రమడిగిరి. నా కడ సమాధానము లేకపోయెను.

విడువబడిన యూళ్ల సంగతియు మరువరాదు. సిగ్నెట్టి విడిచివచ్చిన జేమ్స్ మాడిసన్ విద్యాలయము 1908లో స్త్రీలకు ఉపాధ్యాయ శిక్షణ నిచ్చుటకు స్థాపించిన పాఠశాల, అటుపిమ్మట పెద్దదైనది. ఒక్కమారుగా శిక్షకుడును, 13 మంది పిల్లలును వెడలిపోయినను ఆ విద్యాలయము కూలిపోలేదు. బాబ్ చెస్నీ అను వేరొక శిక్షకుని తెచ్చుకొని, 2025లో దేశమునందలి 12 శ్రేష్ఠమైన జట్లలో నొకటిగా చివరి పోటీలలో నిలిచెను. యు.సి.ఎల్.ఎ. వారు ఆ చెస్నీని గూడ తమకు కుదుర్చుకొనిరి! పుట్టినింటివారివలె పెంచుట వీరి వంతు, పంపుట వీరి వంతు. ఆడపిల్లను పంపునప్పుడు వియ్యంకులు కనీసము చీర పెట్టుదురు. పిల్లలు వెడలినప్పుడు వీరికి దక్కునది వీడ్కోలు మాత్రమే.

బెడ్‌ఫర్డ్ వైపు పోవు త్రోవలో మా ఆడుబిడ్డ భర్త మాకు పాత రాతిగని యొకటి చూపెను. చదరముగా కోసిన పెద్ద గుంట, అందు పచ్చని నీరు నిండియున్నది. ఇక్కడి రాయి ఏయే పట్టణములకు పోయినదో ఆయన పేర్లు చెప్పుచుండగా మా అత్తగారు గుంటవైపే చూచుచు, "మేడలు చూచువారు గుంటను చూడరు నాయనా" యనిరి.

చదువరులు మన భారతమును స్మరింతురుగాక. హస్తినాపురమున కుమారుల అస్త్రవిద్యాప్రదర్శనము జరిగినప్పుడు కర్ణుని విద్య నెవ్వరును కాదనలేదు, కులము నడిగిరి. దుర్యోధనుడు ఆ క్షణమున అంగరాజ్యమిచ్చి అతనిని తనవానిని చేసికొనెను. విద్యకు వెలనిచ్చుట తప్పని ఆనాడును మనమనుకొనలేదు. ఇచ్చినవాని యుద్దేశమునే శంకించితిమి. యుద్ధమునకు ముందు మువ్వురికి పక్షము మార్చు అవకాశము వచ్చెను. శల్యుడు మేనల్లుండ్రకై బయలుదేరి, త్రోవలో దుర్యోధనుడు చేయించిన విందులకు లోబడి అటు చేరెను. యుయుత్సుడు ధర్మరాజు పిలుపు విని, మనస్సాక్షి చెప్పిన వైపునకు వచ్చెను. కర్ణునకు శ్రీకృష్ణుడే జన్మరహస్యము చెప్పి రాజ్యమిప్పింతునన్నను, ఉప్పు తిన్న యిల్లు విడువ ననెను. మువ్వురికిని ఒకే పేరు పెట్టి "బదిలీ" యనుట సరికాదు. విందునకు పోవువాడు వేరు, విలువకై పోవువాడు వేరు. ఈనాటి కుర్రవాండ్రలోను ఈ మూడు తెగలవారును ఉన్నారు. అందరిని ధనాశాపరులని నిందించు పెద్దలు, కర్ణునివంటి వారు కూడ ఇన్నాళ్లు పస్తులుంచబడిరను మాట మరువరాదు.

మేము స్వదేశము చేరిన పిమ్మట వార్తలు విన్నాము. 2025 డిసెంబరులో మెండోజాకు హైస్మన్ బహుమానము వచ్చెను. దేశమంతటిలో శ్రేష్ఠుడైన కళాశాల ఆటగానికిచ్చు బహుమానమది. ఆయన తల్లి చాలయేండ్లుగా మల్టిపుల్ స్క్లిరోసిస్ అను నరముల వ్యాధితో బాధపడుచున్నది. బర్క్లీలో నున్న దినములలోనే ఆయన ఆ వ్యాధి పరిశోధనలకై చందాలు సేకరించెను. మూడేండ్లలో వాణిజ్యశాస్త్ర పట్టము పొందెను. ఆయన బ్లూమింగ్టన్ వచ్చునప్పటికి తమ్ముడు ఇక్కడి జట్టులోనే యుండెను. బహుమానసభలో ఆయన తల్లిని తలచుకొని మాటాడెను. 2026 జనవరి 19వ తేదిన తన స్వస్థలమైన మయామి ప్రాంతముననే, మయామి జట్టును 27–21 లెక్కతో గెలిచి ఇండియానా వారు 16 ఆటలలో ఒక్కటియు నోడక దేశమునకు ప్రథములైరి. నూరేండ్లు ఓడిన యూరికి వచ్చిన గెలుపిది. ఆ రాత్రి జనము వీథులలో నిండిపోయెనని మా ఆడుబిడ్డ చెప్పెను. పొరుగింటి ముసలమ్మగారు భర్త చిత్రపటము ముందర దీపము వంటి కొవ్వొత్తి యొకటి వెలిగించిరట.

నాకు తోచిన దింతే. శ్రమించిన బిడ్డకు కూలి యిచ్చుట ధర్మమే; ఇన్నాళ్లు ఈయకుండుటయే అధర్మము. ఊరు మారు స్వేచ్ఛ గురువునకున్నప్పుడు శిష్యునకును ఉండవలెను. కాని కూలి యిచ్చినంతమాత్రమున బడివారి ఋణము తీరదు. దెబ్బ తగిలిన పిల్లవానికి, వాని కుటుంబమునకు దిక్కెవరు? బదిలీయైన పిల్లవాని చదువు పూర్తియగునా? ఆడపిల్లల ఈతకొలను తలుపులు తెరచియుండునా? పెంచి పంపిన చిన్న విద్యాలయమునకు పెద్దవారు ఏమైన తీర్చుదురా? ఈ నాలుగు ప్రశ్నలకు సమాధానము చెప్పిననాడు ఆ సొమ్ము శుభ్రమైన సొమ్మని నేననుకొందును.

మన దేశమునను ఆటలలో ధనము పొంగుచున్నది. క్రికెట్టు వేలముపాటలలో కుర్రవాండ్రకు కోట్లు పలుకుచున్నవి. 2023 మొదలు ఆడపిల్లలకును అట్టి పాట జరుగుచున్నది. బిడ్డ చేత బంతి పట్టించు తల్లులు పెరుగుచున్నారు. పట్టింపుడు, మంచిదే. కాని ఎంత యిత్తురని అడిగిన నోటితోనే, దెబ్బ తగిలిన నాడు ఎవరు చూతురు, ఆట ముగిసిన నాడు వాని చేత ఏ విద్య మిగులును అని కూడ అడుగుడు. ఇంటి లెక్క వ్రాయు స్త్రీకి, వచ్చిన సొమ్ము మాత్రమే గాక, ఎవరి విస్తరి ఖాళీగా నున్నదో చూచుట అలవాటే గదా.